పెన్నేటి బొమ్మతో గోదావరి జిల్లాల్లో

గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చానని చెప్పగానే మా అనంతపురం స్టాఫ్ రూంలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "గోదావరిలో స్నానం చేసినావా?" చేయలేదు. రోజూ పొద్దున్నే చేద్దామనుకోవడం, ఈలోగా వాకిట్లో వ్యాన్ హారన్ మోగడం, పరిగెత్తి ఎక్కేయడం. వెళ్ళినన్నాళ్ళూ ఇదే వరస. నేను వెళ్ళింది పుణ్యానికి కాదు, ఒక బొమ్మల ప్రదర్శన వెంట. కానీ ఎవరికి ఎంత రుణపడి తిరిగొచ్చానో తలచుకుంటే పుణ్యం కూడా కొంత దక్కిందనే అనిపిస్తుంది. అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మా మరిదికి పెళ్ళిపత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ కొట్టు ఉంది. ఆదివారాలు కొట్టు మూసేస్తాడు కాబట్టి కంప్యూటర్ నాకు ఖాళీగా దొరికేది. అలా ఆదివారాలన్నీ కూర్చుని ఒక కదిలే బొమ్మ తయారుచేశాను. పేరు ‘ఏరొచ్చింది’. సినిమా పాటంత నిడివి ఉంటుంది. అందులో సగానికి పైగా ఉత్త ఇసుకే. మా పెన్న ఏడాది పొడుగునా ఎలా ఉంటుందో అలా. ముళ్ళకంప నీడ మెల్లగా జరుగుతుంది, ఒక పిట్ట అటునుంచి ఇటు పోతుంది, అంతే. ఆ తరువాత దూరంగా గోధుమరంగు గీత ఒకటి కనిపిస్తుంది. అది నురగతో, ఎండుటాకులతో నాలుకలా ఇసుకను నాకుతూ చూసేవాళ్ళ వైపే వస్తుంది. వచ్చి వచ్చి తెర నిండిపోతుంది.

నా చిన్నప్పుడు పెన్నకు నీళ్ళు వస్తున్నాయని కబురు తెలిస్తే నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. పసుపు కుంకుమలతో, టెంకాయలతో ఊరంతా ఒడ్డున నిలబడి ఉంది. నేను గీసింది ఆ రోజునే.

యూరప్‌లో కంప్యూటర్ కళకు అంతర్జాతీయ బహుమతులు ఇస్తారని తెలిసి మా మరిదే దాన్ని సీడీలో పెట్టి పంపించాడు. ప్రత్యేక ప్రశంస వచ్చింది. ఎంపికైన బొమ్మలన్నీ దేశదేశాలు తిరుగుతాయన్నారు. ఆ ప్రదర్శన హైదరాబాదు వచ్చినప్పుడు రాజమండ్రి నుంచి సోమయాజులుగారనే పెద్దమనిషి వెళ్ళి చూశారు. బ్యాంకు ఉద్యోగం మానేసి ఊళ్ళో చిత్రకళాభిమానులను పోగుచేసుకుని తిరిగే మనిషి. "మా జిల్లాలవాళ్ళేం పాపం చేశారండీ?" అని నిర్వాహకుల వెంటపడి, మర్నాటి నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, చివరికి ప్రదర్శనను నాలుగు ఊళ్ళకు రప్పించుకున్నారు. ఉన్న ఒక్క తెలుగు చిత్రకారిణీ వెంట రావలసిందేనని నాకూ టికెట్ పంపారు.

వంతెన మీద

శ్రావణం మొదట్లో వెళ్ళాను. కొవ్వూరు దాటగానే రైలు చప్పుడు మారిపోయింది. కిటికీలోంచి చూస్తే కింద నీళ్ళు. పైన ఎక్కడో కురిసిన వానలకు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. కాసేపటికి అవతలి ఒడ్డు వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. నీళ్ళే వచ్చాయి. నిడదవోలులో ఎక్కి ఎదురుగా కూర్చున్న ఆవిడ నా మొహం చూసి నవ్వి, "మొదటిసారాండీ?" అంది. తల ఊపాను.

సంతోషం ఒక పక్క, గుబులు ఒక పక్క. ఇన్ని నీళ్ళ మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు నా సంచీలో ఉన్న సీడీ ఎలా చూపించడం? వీళ్ళకు ఏరంటే ఎప్పుడూ ఉండేది. మాకు ఏరంటే ఎప్పుడో వచ్చేది.

రాజమండ్రి

సోమయాజులుగారి భార్య కామేశ్వరిగారు గుమ్మంలోనే చేతి సంచీ లాగేసుకున్నారు. "అంత దూరం నుంచి కూర్చుని వచ్చారు, నడుం పట్టేసుంటుంది. ముందు కాఫీ తాగండి, తరవాత స్నానం, అప్పుడు టిఫిను" అని నా రోజంతా ఆవిడే నిర్ణయించేశారు. పెసరట్టులో ఉప్మా పెట్టి వడ్డించారు. మా వైపు బొరుగుల ఉగ్గాని పెట్టి, "తిను" అని ఒకసారి చెప్పి ఊరుకుంటాం. ఇక్కడ వద్దంటే ఇంకొకటి వేస్తారు. వద్దు వద్దంటే రెండు వేస్తారు. అరటికాయకు ఆవ పెట్టిన కూర మధ్యాహ్నం తిన్నాను. ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కి కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆవిడ కంగారుపడి పెరుగు పోస్తుంటే, అది వద్దని ఇంకొంచెం కూరే అడిగాను.

అండీ, గారూ అనకుండా ఇక్కడ ఎవరూ మాట్లాడరని విన్నాను కానీ, ఇంతలా అని అనుకోలేదు. మా వ్యాన్ డ్రైవర్ సత్తిబాబు కంప్యూటర్‌ను కూడా మన్నించేవాడు. అది మొరాయిస్తే, "ఈవిడ లేవట్లేదండీ, కాసేపు పడుకోనిద్దామాండీ?" అనేవాడు. మధ్యాహ్నం మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ ఇప్పించాడు. ఒక్క గ్లాసే కడుపు నింపేసింది. ధర ఆరు రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు రెండు సోడాలు వస్తాయని లెక్క కట్టబోయి, రెండో గ్లాసు తాగుతూ ఆ సంగతే మరిచిపోయాను.

ప్రారంభోత్సవం ఒక హాల్లో పెట్టారు. గోడల నిండా ఫ్రేములు, బల్ల మీద కంప్యూటర్. జపాన్ అమ్మాయి వేసిన ముఖం ఒకటి చూస్తూ ఉండగానే పక్షుల గుంపైపోతుంది. బ్రెజిల్ అతను చేసినదాంట్లో మౌస్ కదిపితే చాలు, లోకంలో లేని పూలు పూస్తాయి. జనం విరగబడి చూశారు. చివర్లో దీపాలు ఆర్పి పెద్ద తెర మీద నాది వేశారు.

ఇసుక కనిపించింది. ఇంకా ఇసుకే. ముందు వరసలో ఎవరో దగ్గారు. వెనకనుంచి ఒక గొంతు, "హ్యాంగ్ అయినట్టుందండీ" అంది. సత్తిబాబు ఒక్క గంతులో వెళ్ళి ప్రొజెక్టర్ మీద రెండు తట్లు తట్టాడు. ముఖ్య అతిథిగా వచ్చిన డాక్టరుగారు చాలా మర్యాదస్థుడు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని ఆయనే చప్పట్లు మొదలుపెట్టి లేచారు. ఆయన లేచాక అందరూ లేచారు. తలుపు దగ్గర కాఫీలు, జీడిపప్పు పకోడీలు పెట్టి ఉన్నాయి. నా పెన్నకు నీళ్ళొచ్చేసరికి కుర్చీలన్నీ ఖాళీ.

ఇంటికొచ్చాక సోమయాజులుగారు చాలాసేపు చేతి రుమాలు మడతపెడుతూ కూర్చున్నారు. చివరికి, "ఏమీ అనుకోకండమ్మా. ఆ ఇసక భాగం కొంచెం తగ్గించి నీళ్ళతో మొదలెడితే ఎలా ఉంటుందంటారు? మావాళ్ళకి ఓపిక తక్కువండీ" అన్నారు. నొప్పించాలని అన్న మాట కాదు. నా బొమ్మ పదిమందికీ నచ్చాలన్న ఆరాటం ఆయన గొంతులో తెలుస్తూనే ఉంది. మర్నాడు పొద్దున్నే వాళ్ళ కంప్యూటర్ ముందు కూర్చుని ఇసుకంతా కోసేశాను. ఎన్నో ఆదివారాలు పట్టిన పని, టిఫిను తయారయ్యేలోపు తెగిపోయింది. పొట్టిదాన్ని వేరే సీడీలో పెట్టుకున్నాను.

ఆత్రేయపురం

ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా వెళ్ళాం. ఒక పక్క సముద్రంలా నీళ్ళు, ఇంకో పక్క ఆకుపచ్చ తప్ప వేరే రంగు లేదు. కాలువ గట్టు మీద పిల్లలు స్నానాలు చేస్తూ మా వ్యాన్‌కు చేతులూపారు. మా వైపు బడికి పోయే పిల్లలు నీళ్ళ సీసా మూత కూడా జాగ్రత్తగా తిప్పుతారు.

పూతరేకులు చేసే సుబ్బలక్ష్మిగారి ఇంట్లో మాకు విడిది. బోర్లించిన కుండ కింద మంట, పక్కన నీళ్ళలాంటి బియ్యప్పిండి. అందులో గుడ్డ ముంచి కుండ మీద అలా ఒక్కసారి పరుస్తారు. గుడ్డ తీసేలోపు కాగితంకన్నా పల్చటి రేకు లేస్తుంది. "మీరూ వెయ్యండి, డ్రాయింగ్ టీచరు కదాండీ!" అన్నారావిడ. వేశాను. నా రేకులు చేప పొలుసుల్లా ముక్కలై రాలాయి. అక్కడున్న ఆడవాళ్ళంతా కడుపు పట్టుకుని నవ్వి, ఆ ముక్కల్లోనే నెయ్యి, బెల్లం తరుగు వేసి నాకు పెట్టారు. నా జీవితంలో నేను వండి చెడగొట్టినవాటిలో అంత రుచిగా ఉన్నది ఇంకోటి లేదు.

సాయంత్రం బడిలో ప్రదర్శన. ఈసారి పొట్టిది వేశాను. తెర వెలగగానే నీళ్ళు. ఎవరూ దగ్గలేదు, లేవలేదు. "చాలా బాగుందండీ" అన్నారందరూ. నాకు ఊపిరి తిరిగింది. వెళ్ళబోతూ సుబ్బలక్ష్మిగారు నా చెయ్యి పట్టుకుని, "అచ్చం మా గోదారేనండీ. మా లంకలో వరదొచ్చినప్పుడు ఇలాగే ఉంటుంది. ఎక్కడ కూర్చుని గీశారు?" అని అడిగారు.

"గోదావరి కాదండీ, పెన్న" అన్నాను.

"అవునా? తేడా ఏం లేదండీ!" అని మెచ్చుకోలుగా నవ్వారు.

ఆవిడ మనసారా మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు అయింది. ఇసుక తీసేసిన పెన్న ఎవరి ఏరైనా కావచ్చు. ఈ మెప్పు కోసం నేను ఇచ్చేసింది ఆ ఇసుకనే.

కడియం

కడియంలో రోడ్డు పొడుగునా నర్సరీలే. మొక్కలు సంచుల్లో నిలబడి లారీల కోసం ఎదురుచూస్తుంటాయి. ఒక నర్సరీ యజమాని తన షెడ్డు ఖాళీ చేయించి, గోనెపట్టాలు కట్టించి చీకటి చేసిచ్చాడు. అక్కడి ఆడకూలీలు బ్రెజిల్ అతని పూల బొమ్మను వదల్లేదు. ఒకామె మౌస్ కదుపుతూ, ఒక నీలి పువ్వును వేలితో చూపించి సోమయాజులుగారిని అడిగింది: "ఈ రకం మా దగ్గర లేదండి. అంటు ఇప్పిస్తారాండీ?" ఆయన ఎంతో గంభీరంగా, "రాసి అడుగుతానమ్మా" అన్నారు. యజమాని మాత్రం, "కుండీలో వస్తుందా, నేలలో వెయ్యాలా అదీ కనుక్కోండి" అన్నాడు. వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

మొక్కలు ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవర్లు కూడా లోపలికి తొంగి చూశారు. వాళ్ళలో ఒకతను నా బొమ్మ పక్కనున్న అట్ట మీద అనంతపురం అని చదివి, నా దగ్గరకొచ్చాడు.

"ఏ ఊరుక్కా మీది? టౌనేనా? నాది తాడిపత్రి. ఓబులేసు నా పేరు."

మా యాస విని ఎన్ని రోజులైందో! ఇద్దరం పెద్దగా మాట్లాడేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు పోట్లాడుకుంటున్నామనుకున్నారట. సత్తిబాబు తరువాత చెప్పాడు.

"పెన్నేరు బొమ్మంటనే? వెయ్యక్కా, చూస్తా. ఎప్పుడూ రోడ్డు మీదే గదా నా బతుకు. నీళ్ళొచ్చినాయంటారు, నేను ఇల్లు చేరేతలికి పోయింటాయి. ఏరు పారేది చూసి ఎన్నేండ్లాయనో."

పొట్టిదే వేశాను. అతను చేతులు కట్టుకుని చూశాడు. అయిపోయాక ఎలా ఉందని నేనే అడిగాను. మొహమాటంగా తల గోక్కున్నాడు.

"నీళ్ళు బాగుండాయిలే అక్కా. కానీ ఏరు వచ్చినట్టు లేదు, ఉన్నట్టుంది. అది రావాలంటే ముందు లేకుండా ఉండల్ల గదా."

సోమయాజులుగారు నా పక్కనే నిలబడి ఉన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన సంచీలోంచి మొదటి సీడీ తీసి నా చేతికిచ్చారు.

ఇసుక మొదలైంది. "ఇదో, ఇదో, ఇది మాది!" అన్నాడు ఓబులేసు. పక్కవాళ్ళు కదలబోతే, "ఉండండన్నా, యాడికి పోతారు? వచ్చాది, ఉండండి" అని చేతులడ్డం పెట్టాడు. పిట్ట పోయింది. గీత కనబడింది. "వచ్చె!" అని ఒక్క అరుపు అరిచాడు. కూలీలంతా ముందు ఉలిక్కిపడి, తరువాత నవ్వి, తరువాత నవ్వు ఆపేసి చూశారు. దీపం వేశాక చూస్తే అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. "ఉక్కగా ఉందక్కా ఈ షెడ్డులో" అన్నాడు. నిజమే, చాలా ఉక్కగా ఉంది. నేనూ కొంగుతో తుడుచుకున్నాను.

వ్యాన్‌లో కొంతదూరం వచ్చాక సోమయాజులుగారు నెమ్మదిగా, "నేను తొందరపడ్డానమ్మా" అన్నారు. "లేదండీ, నేనే బెదిరిపోయాను" అన్నాను. హైదరాబాదు దాకా వెళ్ళి చూసి, నా బొమ్మను ఇంతదూరం రప్పించిన మనిషి ఆయన. ఆయన లేకపోతే ఓబులేసు లేడు.

జంగారెడ్డిగూడెం

గోదావరి దాటి పడమటగా వెళ్ళేకొద్దీ నేల ఎర్రబడింది. వరి పోయి పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, జీడిమామిడి తోటలు, పామాయిల్ చెట్లు వచ్చాయి. మట్టి రంగు చూడగానే నాకు సగం ఇల్లు చేరినట్టయింది. గోదావరి ఎర్రగా పారుతున్నా అక్కడ ఆ నెల సరిగా వాన పడలేదు. టీ కొట్టు దగ్గర అందరి నోటా బోర్ల మాటే. ఎవరిది ఎండింది, ఎవరిది ఎంత లోతుకు దింపారు అని. పెద్ద నదికి అంత దగ్గర్లో అచ్చం మా ఊరి మాటలు వింటానని నేననుకోలేదు.

కల్యాణ మండపంలో మధ్యాహ్నం ప్రదర్శన. కుర్చీలు చాలక చాలామంది చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో వీర్రాజుగారని పామాయిల్ తోట ఉన్న పెద్దాయన, ఆయన భార్య. "ఇంట్లో కరెంటు లేదమ్మా, ఇక్కడ ఫాన్లుంటాయని వచ్చాం" అని ఉన్నమాట చెప్పేశారాయన. నా బొమ్మ వేశాను, ఇసుకతోనే. మొదట్లో గుసగుసలు వినిపించాయి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పిట్ట ఇంకా రాలేదు. అప్పుడు కరెంటు పోయింది.

మండపం అంతా మసక చీకటి. ఫాన్లు మెల్లగా ఆగిపోయాయి. ఇక అందరూ లేస్తారనుకున్నాను. సత్తిబాబు, "జనరేటర్ తెస్తానండీ, షామియానా కొట్టులో ఉంటుంది" అంటూ బయటకు పరిగెత్తాడు. వీర్రాజుగారు నా వైపు తిరిగారు.

"ఏమ్మా, అందులో నీళ్ళొస్తాయా, రావా? ముందది చెప్పండి."

"వస్తాయండీ."

"ఆయ్. అయితే కూర్చుంటాం."

కూర్చున్నారు. కరపత్రాలతో విసురుకున్నారు. ఒకావిడ బయటకెళ్ళి బిందెతో మంచినీళ్ళు తెచ్చి అందరికీ గ్లాసు అందించింది. వాళ్ళ బోరులో మిగిలిన నీళ్ళని తరువాత తెలిసింది. ఎదురుచూడ్డం ఎలాగో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా పెన్న ఒడ్డున నిలబడ్డవాళ్ళు కూడా అలాగే ఉండేవాళ్ళు, ఆత్రం లేకుండా, నమ్మకంగా. ఏ దేశంలోనో న్యాయనిర్ణేతలు చీకటి గదిలో చూసి మెచ్చుకున్నారని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. వాళ్ళకూ నా నమస్కారాలు. కానీ నా బొమ్మ కోసం ఉక్కలో చెమటలు కక్కుతూ కూర్చున్నది వీళ్ళు.

జనరేటర్ వచ్చింది. ఆటోలోంచి నలుగురు దించి, బయట వసారాలో పెట్టి తాడు లాగారు. రెండుసార్లు దగ్గి అందుకుంది. కంప్యూటర్ మళ్ళీ మొదటినుంచి లేవాలి. అంతసేపు కాచుకున్నవాళ్ళ మీద జాలేసి, పొట్టి సీడీ చేతిలోకి తీసుకున్నాను.

"ఇసక ఇందాక చూశారు కదండీ. నేరుగా నీళ్ళ దగ్గర్నుంచి వేయమంటారా?" అని అడిగాను.

జనరేటర్ చప్పుడులో వీర్రాజుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. మళ్ళీ అరిచి చెప్పాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు.

"వద్దమ్మా. మొదట్నుంచీ వెయ్యండి. ఇసక కాణ్ణుంచీ."

వేశాను. ఈసారి నేను తెర వైపు చూడలేదు. తెర పక్కన నిలబడి వాళ్ళ ముఖాలే చూశాను. ఇసుక వెలుగులో అందరూ తెల్లగా, కదలకుండా ఉన్నారు. నీడ జరిగింది. పిట్ట దాటింది. ఒక్కరూ దగ్గలేదు. తరువాత వాళ్ళ ముఖాల మీదికి మెల్లగా గోధుమరంగు వచ్చింది. దాన్నిబట్టి నాకు తెలిసింది, ఏరు వస్తోందని. నురగ దగ్గరవుతున్నకొద్దీ చాపల మీది మనుషులు తమకు తెలియకుండానే వెనక్కి జరిగారు. ముందు వరసలో వీర్రాజుగారి భార్య కాళ్ళు దగ్గరికి లాక్కుని, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది. రెండో చేత్తో, తెర మీంచి చూపు తిప్పకుండా, భర్త చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.